ఇచ్చింది నేను

లలితమ్మ తమ్ముడికి కిడ్నీ ఇచ్చింది. ఎల్బీనగర్‌లో ఆ గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎవరైనా కొత్తగా కిరాయికి దిగితే, పాలు పొంగించుకున్న రెండో రోజుకల్లా వాళ్ళకూ తెలిసిపోతుంది. లలితమ్మే వెళ్ళి చెబుతుంది. చెప్పుకోవడం తప్పా అంటే, తప్పేమీ కాదు. పెళ్ళిలో స్టీలు బిందె చదివించినవాళ్ళే పదేళ్ళపాటు ఆ బిందె బాగోగులు అడుగుతారు. ఈమె పక్క కోయించుకుని ఇచ్చింది. చెప్పుకునే హక్కు ఆమెకు లేకపోతే ఇంకెవరికుంటుంది? కాకపోతే ఆమె చెప్పుకోవడంతో ఆగలేదు. ఈ కథంతా అక్కడే వచ్చింది.

వాళ్ళది పోచంపల్లి దగ్గర ఒక మగ్గాల ఊరు. తల్లి పోయేనాటికి దశరథకు ఆరేళ్ళు, లలితమ్మకు పన్నెండు. తమ్ముడికి అన్నం కలిపి పెట్టిందీ, పలకా బలపం ఇచ్చి బడికి తోలిందీ ఆమే. మగ్గం నేసే భర్త మట్టయ్య పెళ్ళైన నాలుగేళ్ళకే పోతే, పిల్లాజెల్లా లేని మనిషి, తమ్ముడి పంచన చేరింది. దశరథ సర్కారు ఆఫీసులో గుమాస్తా అయ్యాక ఎల్బీనగర్‌లో త్రినాథరావుగారి మేడ మీది పోర్షన్‌లో దిగారు. లలితమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో మడతలు పెట్టే పనికి పోయేది. దశరథకు వాసంతిని చేసుకుని పదేళ్ళు దాటింది గాని వాళ్ళకూ పిల్లలు కలగలేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురే మనుషులు.

రెండు వేల తొమ్మిదిలో దశరథ రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఏడాది పాటు డయాలసిస్, వారానికి మూడు రోజులు సూదులు. వాసంతి తన కిడ్నీ ఇస్తానంది గాని రక్తం గ్రూపు కలవలేదు. లలితమ్మది కలిసింది. "ఇంక అడుగుడేంది సారూ, తీస్కోండ్రి" అని పరీక్షల గదిలోనే చెప్పేసింది. మరుసటేడు జులైలో ఆపరేషన్ అయింది. తమ్ముడు మామూలు మనిషిలా మూత్రం పోశాడని నర్సు వచ్చి చెప్పినప్పుడు, కుట్ల నొప్పి కూడా మరిచిపోయి ఆమె వార్డంతా వినబడేటట్టు ఏడ్చింది. ఆ ఏడుపులో కల్తీ లేదు. లలితమ్మను ముందు ముందు ఎంత తిట్టుకున్నా ఈ ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. తమ్ముడంటే ఆమెకు ప్రాణం.

ఆ రోజు నుంచి దశరథకు పొద్దున ఎనిమిదింటికీ రాత్రి ఎనిమిదింటికీ మాత్రలు, బతికున్నంతకాలం. ఎందుకో డాక్టర్ ప్రసన్నకుమార్ ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఒంట్లోకి కొత్తగా వచ్చిన కిడ్నీని శరీరం పరాయిదనుకుని చంపాలని చూస్తుంది. ఈ మాత్రలు ఒంట్లో కాపలా కాసే శక్తిని నిద్రపుచ్చి కిడ్నీని కాపాడతాయి. కాపలా నిద్రపోతోంది కాబట్టి, మామూలు మనిషిని ఏమీ చేయలేని బూజులూ క్రిములూ ఇతన్ని పట్టుకోగలవు. అవి చాలాసార్లు ముందు చర్మం మీదే కనబడతాయి. ఒంటిమీద కొత్తగా పొక్కు లేచినా, మచ్చ పడినా, గడ్డ కట్టినా ఆ రోజే ఫోన్ చేయాలి. ఇదే మాట ఫైలు అట్ట లోపలి వైపు తెలుగులో అచ్చు వేసి ఉంది కూడా. వాసంతి శ్రద్ధగా విన్నది. లలితమ్మకు మాత్రం ఒక్క మాట దగ్గర రోషం వచ్చింది.

"నా కిడ్నీ వానికి పరాయిదెట్లయితది సారూ?" అని అడిగింది.

డాక్టర్ నవ్వి ఊరుకున్నాడు. నవ్వకుండా ఇంకోసారి చెప్పి ఉంటే బాగుండేది.

దవాఖాన నుంచి వచ్చాక ఇంటి పద్ధతి మారిపోయింది. ఏ కూర వండాలనే దగ్గర్నుంచి ఎవరి పెళ్ళికి పోవాలనే దాకా లలితమ్మ మాటే మాట. వాసంతి ఏదన్నా అడ్డం చెబితే ఆమె అరవదు, తిట్టదు. కొంగు సర్దుకుంటూ "ఇచ్చింది నేను" అంటుంది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తరు. వంకాయ కూరలో నువ్వులపొడి వేయాలా వద్దా అన్నదానికీ ఆ మాటే తీర్పు. వాసంతి మొదట్లో నవ్వుకునేది, తర్వాత తర్వాత పళ్ళ బిగువున ఓర్చుకునేది. గ్రూపు కలవకపోవడం తన నేరమైనట్టు ఆ ఇంట్లో ఓ పక్కగా తిరిగేది. దశరథ ఇద్దరి మధ్యా కాసేపు నలిగి, ఎప్పుడూ అక్క వైపే తేలేవాడు. అతన్ని మాత్రం ఏమనగలం? అద్దం ముందు చొక్కా విప్పినప్పుడల్లా పొత్తికడుపు మీద అక్క కనబడేది.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతబడ్డాయి, బడులు మూతబడ్డాయి, వారం తిరక్కుండా బస్సులు డిపోల్లోంచి కదలడం మానేశాయి. బొగ్గు ఆగిపోయి కరెంటు కోతలు మొదలయ్యాయి. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టెంటు వేసి ఉద్యోగులు దీక్షకు కూర్చున్నారు. దశరథ కూడా కూర్చుంటానన్నాడు. గుంపుల్లోకి పోవద్దని డాక్టర్ చెప్పిన మాట వాసంతి గుర్తుచేసింది.

"తెలంగాణ మొత్తం రోడ్డు మీదున్నది. నా తమ్ముడొక్కడు మూలకు కూసుంటడా?" అంది లలితమ్మ.

అతనికి కావలసిందీ అదే. రెండేళ్ళుగా రోగి, రోగి అనిపించుకున్న మనిషి. మెడలో పూలదండ పడేసరికి ఒంట్లోకి కొత్త రక్తం ఎక్కినట్టయింది. మైకు పట్టుకుని, "ఈ పాణం మా అక్క ఇచ్చింది. గీ పాణం ఇప్పుడు తెలంగాణది" అన్నాడు. టెంటంతా చప్పట్లు కొట్టింది. టెంటు బాధ్యత చూసే అంతయ్య లేచి వచ్చి లలితమ్మకు దండం పెట్టాడు. ఆమె ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. తను ఇచ్చినదానికి ఇంత మంది సాక్షులు దొరకడం ఆమెకు అదే మొదలు.

మూడో వారంలో దశరథకు తలనొప్పి పట్టుకుంది. ఎండకు అనుకున్నారు. ఒళ్ళు వెచ్చబడింది, అలసట అనుకున్నారు. బతుకమ్మ పండుగకు గల్లీలో గునుగు పూలు, తంగేడు పూలు అమ్మకానికి వచ్చిన రోజున, గడ్డం గీసుకుంటూ నుదుటి మీద రెండు పొక్కులు చూసుకున్నాడు. మర్నాటికి బుగ్గల మీద నాలుగు, మెడ మీద మూడు. పెసరగింజంత ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు. ఒక్కోదాని నడిమధ్య గుండుసూది తలతో నొక్కినట్టు చిన్న గుంట.

వాసంతి పరుగున పోయి ఫైలు తీసింది. లలితమ్మ తమ్ముడి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పి చూసింది. చూసిన వెంటనే చేతులు వెనక్కి తీసుకుని జోడించింది.

"తల్లి ఒచ్చింది" అంది.

ఆమెకు రవ్వంత అనుమానం కూడా లేదు. ఎట్లా ఉంటుంది? ఆమె ముఖం నిండా మశూచి గుంటలు ఉన్నాయి. ఎనిమిదో ఏట ఆమెకూ ఆమె నడిపి తమ్ముడికీ ఒకేసారి తల్లి వచ్చింది. మగపిల్లాడు గదా అని తండ్రి వాణ్ణి సైకిలు మీద ఎక్కించుకుని పక్క ఊరి ఆరెంపీ దగ్గర సూది వేయించుకొచ్చాడు. ఆడపిల్లను వేపాకుల మీద పడుకోబెట్టి వదిలేశారు. సూది వేయించుకున్న పిల్లాడు మూడో నాడు పోయాడు. వదిలేసిన పిల్ల బతికింది. వాడు పోయింది రోగం వల్లనే గాని సూది వల్ల కాదని ఆమెకు ఆనాడూ ఎవరూ చెప్పలేదు, తర్వాతా ఎవరూ చెప్పలేదు. తల్లి వచ్చిన ఒంట్లోకి మందు పోతే తల్లి అలిగి లోపలికి దిగుతుంది, మనిషిని తీసుకుపోతుంది. ఇది ఆమె ఎవరి దగ్గరా విన్న మాట కాదు. కళ్ళారా చూసిన చావు.

కాబట్టి గంటలో గుమ్మానికి వేపమండలు కట్టింది. పోపు పెట్టవద్దంది, మాంసం మాట ఎత్తవద్దంది, తమ్ముణ్ణి చాప మీద వేపాకులు పరిచి పడుకోబెట్టింది. చివరికి మాత్రల డబ్బా తీసి, పసుపు గుడ్డలో మూటకట్టి, దేవుడి గూట్లో తల్లి పటం ముందు పెట్టింది.

"వదినా, గవి ఒక్క పూట గూడ ఆపొద్దన్నడు డాక్టరు" అంది వాసంతి. "గీ ఫైలు మీద రాసి ఉన్నది చూడు. పొక్కు లేస్తే ఫోన్ చెయ్యాలని."

"గది మామూలు పొక్కులకు. తల్లికి గాదు."

"ఏది తల్లో ఏది గాదో మనకెట్ల తెలుస్తది?"

"నా మొఖం చూసి గూడ అడుగుతున్నవా?" అంది లలితమ్మ. తర్వాత కొంగు సర్దుకుంది. "ఇచ్చింది నేను. పోతదేమోనన్న భయం నాకు లేదా? నీకంటే నాకెక్కువ లేదా?"

వాసంతి మొగుడి వైపు చూసింది. అతను చాప మీద నుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రాత్రి ఎనిమిది కావస్తోంది. పద్నాలుగు నెలలుగా ఒక్క పూట తప్పలేదు. అతనికి భయం వేసింది, ఆ భయం ముఖంలో కనబడింది కూడా. కాని చిన్నప్పటి నుంచీ వేలు పట్టుకుని నడిపించిన మనిషి ఎదురుగా కూర్చుంది.

"అక్క చెప్పినట్టే చేద్దాం వాసంతీ. అక్క లేకుంటే నేనెక్కడ ఉంటుంటి?" అన్నాడు.

గల్లీలో ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. ఆ ఏడు ఆ ఇంట్లోంచి ఎవరూ ఆడలేదు.

కింది పోర్షన్‌లో ఉండే ఇందిరాదేవి, త్రినాథరావుగారి భార్య, తెనాలి వైపు మనిషి. నలభై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. నాలుగో రోజున బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వస్తూ వేపమండలు చూసింది, తలుపు సందులోంచి దశరథ ముఖం చూసింది. తడిబట్టల బకెట్టు అక్కడే దించేసింది.

"లలితమ్మగారూ, ఒక్కసారి ఇటు రండి" అని పిలిచింది. "ఇది ఆటలమ్మ కాదండి. ఆటలమ్మైతే నీటిపొక్కులు ఉంటాయి, ఒకటి ఎండుతుంటే ఒకటి లేస్తుంది. ఇవన్నీ గట్టిగా, మధ్యలో గుంటపడి ఉన్నాయి. పైగా తలనొప్పంటున్నారు. కిడ్నీ మార్చినవాళ్ళకి ఇట్లాంటివి వస్తే లోపల ఇంకేదో ఉన్నట్టు. ఇవాళే తీసుకెళ్ళాలి."

"మీ దిక్కు తల్లి ఎట్లొస్తదో నాకు తెల్వది. మా దిక్కు గిట్లనే ఒస్తది."

"దిక్కుల సంగతి కాదండి ఇది. బస్సులు లేవనుకుంటే మా కారు ఉంది. రోగి ఉన్నాడంటే బంద్‌లోనైనా పోనిస్తారు. ఆయన్ని తీయమంటాను."

ఇక్కడ లలితమ్మ "సరే" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని మూడు వారాలుగా టెంటు దగ్గర కూర్చుని విన్న మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. ఓనరమ్మ నీళ్ళ మోటారు గురించీ, మెట్ల మీద చెప్పుల గురించీ ఏడేళ్ళుగా అన్న మాటలు కూడా వాటి వెనకే ఉన్నాయి.

"మా నీళ్ళ మీద మీ పెత్తనమే, మా నౌకరీల మీద మీ పెత్తనమే. ఇంక మా తల్లి మీద గూడ మీ పెత్తనమేనా ఇందిరమ్మా?" అంది.

ఇందిరాదేవి ముఖం చిన్నబోయింది. బకెట్టు ఎత్తుకుని, బట్టలు ఆరేయకుండానే దిగిపోయింది. లోపల చాప మీద దశరథ నవ్వాడు. ఆ సాయంత్రం లలితమ్మ ఈ సంగతి టెంటు దగ్గర చెబితే అంతయ్యతో సహా అందరూ పడీ పడీ నవ్వారు. మంచి జవాబిచ్చినవ్ అక్కా అన్నారు. ఆమె నిజంగానే మంచి జవాబు ఇచ్చింది. జవాబుతోనే బతికేటట్టయితే దశరథ నూరేళ్ళు బతికేవాడు.

అంత మాట పడ్డా ఇందిరాదేవి ఊరుకోలేదు. మర్నాడు మెట్ల కింద వాసంతిని ఆపి, "నువ్వైనా ఫోన్ చెయ్యమ్మా, పుణ్యం ఉంటుంది" అంది. వాసంతి కింది ఇంట్లో నుంచే ఫైలు మీది నంబరుకు ఫోన్ చేసింది. అవతలి మనిషి ఒకటే చెప్పాడు. మాత్రలు ఆపవద్దు, వెంటనే తీసుకురండి. వాసంతి పైకి వచ్చి ఆ మాట చెప్పింది.

"ఫోన్ల చూస్తడా తల్లిని?" అంది లలితమ్మ. అయితే ఈసారి ఆమె గొంతు మునుపటంత గట్టిగా లేదు. పొక్కులు నలభై దాకా అయ్యాయి. ముక్కు పక్కన ఉన్నది పెద్దదై, మధ్యలో నల్లబడి పుండైంది. "ఏడో నాడు నీళ్ళు పోస్తం. తల్లి దిగిపోతది. గప్పుడు దవాఖానకు నేనే తీస్కపోత. రెండు రోజులు ఓపిక పట్టు" అంది.

ఆ పూట లలితమ్మ స్నానానికి పోయినప్పుడు వాసంతి గూట్లో మూట విప్పి, మాత్రలు అరచేతిలో పెట్టుకుని మొగుడి దగ్గర కూర్చుంది. "వేస్కో, నీ కాళ్ళు మొక్కుత" అంది. అతను ఆ మాత్రల వైపు చాలాసేపు చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు కూడా. తర్వాత తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాడు.

"అక్కకు తెలిస్తే బాధపడ్తది" అన్నాడు.

అతని పాదాలు అప్పటికే వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. మూత్రం రోజుకు ఒక్కసారి, అదీ గిన్నెడు లేదు. లలితమ్మ ఇదంతా చూసింది. తల్లి దిగేటప్పుడు ఒంట్లో నీళ్ళు గుంజుకుంటుంది అని తనకు తాను చెప్పుకుంది. వాసంతికి చెప్పలేదు. చెబితే, ఎవరన్నరు అని అడుగుతుందని భయం.

ఏడో రోజు పొద్దున్నే వేపాకులూ పసుపూ వేసి నీళ్ళు కాచింది. పెరుగన్నం నైవేద్యం పెట్టింది. సల్లగ చూడు తల్లీ అని మొక్కి తమ్ముణ్ణి పీట మీద కూర్చోబెట్టింది. రెండో చెంబు పోస్తుండగా దశరథ పక్కకు ఒరిగిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఎవరూ?" అన్నాడు అక్కను చూసి.

ఆ ఒక్క మాటతో లలితమ్మకు ముప్ఫై ఎనిమిదేళ్ళ నమ్మకం కూలిపోయింది. తడిచీరతోనే మెట్లు దిగి, ఇందిరాదేవి తలుపు దబదబా బాదింది. "కారు తీయమనుండ్రి. మీ కాళ్ళు పట్టుకుంట" అంది. ఇందిరాదేవి లోపలికి తిరిగి మొగుణ్ణి కేకేసింది. త్రినాథరావు లుంగీ మార్చుకోకుండానే తాళాలు అందుకున్నాడు. చౌరస్తాలో రాస్తారోకో నడుస్తోంది. కారు ఆపినవాళ్ళు లోపల దశరథను చూసి జై తెలంగాణ అంటూ దారి ఇచ్చారు. అంతయ్య కొంత దూరం కారు ముందు పరిగెత్తాడు.

డాక్టర్ ప్రసన్నకుమార్ ఒక పొక్కును గీకి పరీక్షకు పంపాడు, వెన్నులోంచి నీరు తీయించాడు. సాయంత్రానికి బయటికి వచ్చి వాసంతికి చెప్పాడు.

"ఇది ఒకరకం బూజు. పావురాల రెట్టలో, మట్టిలో ఉంటుంది. మనం రోజూ పీలుస్తూనే ఉంటాం, మనల్ని ఏమీ చేయదు. ఈయన ఊపిరితిత్తుల్లో దిగింది, రక్తంలో కలిసింది, మెదడు పొరల్లోకి ఎక్కింది. చర్మం మీద పొక్కులు లేచిన రోజే వచ్చి ఉంటే మాత్రలు మెల్లగా తగ్గిస్తూ బూజుకు మందు ఎక్కించేవాళ్ళం. బతికేవాడు, కిడ్నీ కూడా దక్కేదేమో. ఒక్కసారిగా అన్నీ ఆపేసరికి కిడ్నీని శరీరం తోసేసింది. ఇప్పుడు బూజుకు గట్టి మందు ఇద్దామన్నా వడకట్టడానికి కిడ్నీ లేదు."

లలితమ్మ గోడకు ఆనుకుని వింటోంది. పరాయిది అన్న మాట ఆయన ఈసారి అనలేదు గాని ఆమెకు వినబడింది.

డయాలసిస్ పెట్టి మందు ఎక్కిస్తే మూడో రోజుకు దశరథకు కాస్త తెలివి వచ్చింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ మంచం పక్కన నిలబడ్డాడు. ఒక పక్క వాసంతి, కాళ్ళ దగ్గర లలితమ్మ.

"మాత్రలు ఎవరు ఆపమన్నారు?" అని అడిగాడు.

వాసంతి నోరు తెరిచింది. ఆమెకంటే ముందు మంచం మీద నుంచి మాట వచ్చింది.

"నేనే ఆపిన సార్."

"నువ్వా? ఎందుకు?"

"బుద్ధి లేక. వీళ్ళు వేస్కోమనే అన్నరు. నేనే ఇనలే."

డాక్టర్‌కు కోపం నషాళానికి అంటింది. ఎంతైనా పద్నాలుగు నెలలు తను నిలబెట్టిన మనిషి. "సిగ్గులేదయ్యా నీకు? ఆవిడను చూడు. నీ కోసం ఒళ్ళు కోయించుకుంది. ఆవిడ ఇచ్చినదాన్ని ఏడు రోజుల్లో మట్టిలో కలిపావు. ఆవిడ మొహం ఎట్లా చూస్తావు నువ్వు?" అన్నాడు. దశరథ కళ్ళు మూసుకున్నాడు. కణతల మీద పొక్కుల పక్కనుంచి నీళ్ళు కారాయి. రోగి తనంతట తానే మందులు మానేశాడని డాక్టర్ కేసుషీటు మీద రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ లలితమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు.

ఆమె కూడా చేతులు జోడించింది. సారూ, వాడు కాదు, నేను అనే మాట గొంతు దాకా వచ్చింది. తర్వాత చెబుదాంలే, తమ్ముడు కోలుకున్నాక చెబుదాం, ఇప్పుడు చెప్పి లాభమేముంది అనుకుంది. ఆ ఆలోచన ఎంత హాయిగా అనిపించిందో ఆమెకే సిగ్గేసింది. సిగ్గేసినా చెప్పలేదు.

వాసంతి మందులు తేవడానికి కిందికి పోయినప్పుడు మంచం మీదికి వంగింది.

"ఎందుకట్ల చెప్పినవురా?"

"నిన్నంటే నేనెట్ల ఇంట అక్కా?" అన్నాడు దశరథ. అతనికి ఊపిరి అందడం లేదు. "ఇచ్చినదానివి నువ్వు."

దవాఖానలో చేరిన తొమ్మిదో రోజు తెల్లవారుతుండగా పోయాడు. ముఖమంతా గుంటలు పడ్డ నల్లటి మచ్చలు. పాడె మీద చూసినవాళ్ళు, అక్కాతమ్ముళ్ళు ఇప్పుడు ఒక్క పోలికలో ఉన్నారని గుసగుసలాడుకున్నారు. టెంటు దగ్గర రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఉద్యమంలో అలిసిపోయి పోయిండని అంతయ్య మైకులో చెప్పాడు. లలితమ్మ అక్కడా కూర్చుంది, అక్కడా కాదనలేదు.

పదకొండో రోజు దినం పెట్టారు. భోజనాలయ్యాక మగవాళ్ళు కిందికి దిగిపోయారు, ఆడవాళ్ళు మేడ మీద వరండాలో చాపలు వేసుకుని కూర్చున్నారు. వాసంతి బోసి నుదుటితో గోడవార ముడుచుకుని ఉంది. ఇందిరాదేవి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. దుకాణంలో లలితమ్మతో పాటు మడతలు పెట్టే వెంకాయమ్మ మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. గట్టిగా నిట్టూర్చింది.

"మందులు తనే మానేశాడంటగా. డాక్టరే అన్నాడంట. అట్లా ఎట్లా చేశాడమ్మా? తను పోతే పోయాడు, కడుపు కోసి ఇచ్చిన అక్క మొహమైనా గుర్తుకు రావద్దూ?"

అందరూ లలితమ్మ వైపు జాలిగా చూశారు. ఇందిరాదేవి జాలిగా చూడలేదు. మామూలుగా చూసి, తల దించుకుంది. వాసంతి మాత్రం ఆ పదకొండు రోజుల్లో మొదటిసారి తల ఎత్తింది. వదిన ముఖం మీద చూపు నిలిపి ఎదురుచూసింది. ఆమె తనంతట తాను చెప్పదు. చెబితే మొగుడు ఆఖరిసారిగా ఆడిన మాట అబద్ధమని తనే రుజువు చేసినట్టవుతుంది. లలితమ్మ చెబితే అది వేరు.

లలితమ్మకు అది అర్థమైంది. ఈ పదకొండు రోజులూ ఆమె ఆ మాటను లోపల కూడబలుక్కుంటూనే ఉంది. వాడు ఆపలేదు, నేను ఆపిన. అంతే గదా. ఇక్కడ ఉన్నది పదిమంది ఆడవాళ్ళు, ఒకరు తిట్టినా ఒకరు ఓదారుస్తారు. వాడి మీద మట్టి పడింది, నిందైనా పడకుండా ఉంటుంది. కొంగు నోటి మీద నుంచి తీసింది. అందరూ ఆమె ఏం చెబుతుందో అని ముందుకు జరిగారు.

"చిన్నప్పటి సంది వాడు గంతే" అంది లలితమ్మ. "మొండోడు. ఎవ్వరి మాట ఇనేటోడు గాదు."

వాసంతి లేచి, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయింది. వెంకాయమ్మ దగ్గరికి జరిగి లలితమ్మ చేయి తన చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు చేయాల్సింది చేశావు తల్లీ, ఇంక నీ తప్పేముంది" అంది. లలితమ్మ ఆ చేతుల్లోంచి తన చేయి తీసుకోలేదు. వెక్కి వెక్కి ఏడుస్తూ, అవునన్నట్టు తల ఊపింది.